ఫిర్తాష్ అప్పగింత వివాదం

ఫిర్తాష్ అప్పగింత వివాదం అనగా ఆంధ్రప్రదేశ్ తీరంలోని టైటానియం ఖనిజాల తవ్వకం అనుమతుల కొరకు లంచాలు ఇవ్వజూపినట్లు అమెరికా సంయుక్త రాష్ట్రాలు మోపిన అభియోగంలో ప్రధాన నిందితుడైన ఉక్రెయిన్ వ్యాపారవేత్త దిమిత్రో ఫిర్తాష్‌ను ఆస్ట్రియా నుండి అమెరికాకు అప్పగించవలెనా, వద్దా అనే విషయంపై 2014లో మొదలైన న్యాయ, రాజకీయ వివాదం. నేరం జరిగినదని చెప్పబడిన చోటు ఆంధ్రప్రదేశ్, అభియోగం నమోదైన చోటు షికాగో, నిందితుడు అరెస్టయిన చోటు వియన్నా. అమెరికా కోరిన అప్పగింత వెనుక ఉక్రెయిన్ రాజకీయాలు ఉన్నవనే అనుమానం ఈ కేసును అంతర్జాతీయంగా ప్రసిద్ధం చేసినది. అయితే వాదోపవాదాలన్నీ ఆ అనుమానం చుట్టూ తిరగడం వలన, ఆంధ్రప్రదేశ్‌లో లంచాల వ్యవహారం నిజంగా జరిగినదా లేదా అన్న మూల ప్రశ్నపై సాక్ష్య విచారణ జరుగలేదు.

నేపథ్యం

ఆంధ్రప్రదేశ్ సముద్రతీరంలో శ్రీకాకుళం జిల్లాలోని భావనపాడు, కళింగపట్నం, విశాఖపట్నం జిల్లాలోని భీమునిపట్నం మొదలైన చోట్ల తీరపు ఇసుకలో బరువైన ఖనిజాలు కలిసి ఉంటాయి. వీటిలో ఇల్మెనైట్, రూటైల్, జిర్కాన్, గార్నెట్, సిల్లిమనైట్, మోనజైట్ ముఖ్యమైనవి. ఇల్మెనైట్, రూటైల్‌ల నుండి టైటానియం లభిస్తుంది. మోనజైట్‌లో అణుఇంధనంగా ఉపయోగపడగల థోరియం ఉన్నందున, తీరపు ఇసుక తవ్వకానికి రాష్ట్ర ప్రభుత్వ అనుమతితో పాటు కేంద్ర ప్రభుత్వ అనుమతి కూడా అవసరమవుతుంది. అణు ఖనిజాల అన్వేషణ చేసే కేంద్ర సంస్థ ప్రధాన కార్యాలయం హైదరాబాదులో ఉన్నది.

టైటానియం ఉక్కు కంటె చాలా తేలికైనది, తుప్పు పట్టనిది, అధిక ఉష్ణోగ్రతను తట్టుకోగలది. అందువలన విమానాలు, రాకెట్ల తయారీలో దీనికి ప్రత్యేక స్థానం ఉన్నది. బోయింగ్ 787 విమానం నిర్మాణ బరువులో సుమారు 15 శాతం టైటానియమే. తిరుపతి జిల్లాలోని సూళ్లూరుపేటకు సమీపాన ఉన్న శ్రీహరికోట నుండి ఎగిరే పీఎస్‌ఎల్‌వీ రాకెట్టు నాలుగవ దశలోని ఇంధన ట్యాంకు టైటానియం మిశ్రలోహంతో తయారవుతుంది.

ఖనిజం నుండి లోహాన్ని తీయడం సులభం కాదు. ముందుగా ఖనిజాన్ని క్లోరిన్‌తో చర్య జరిపి టైటానియం టెట్రాక్లోరైడ్‌గా మార్చి, తరువాత దానిని మెగ్నీషియంతో చర్య జరిపి లోహాన్ని వేరు చేస్తారు. రంధ్రాలతో ఉండే ఈ లోహపు ముద్దను టైటానియం స్పాంజి అంటారు. భారతదేశంలో ఇటువంటి కర్మాగారం కేరళలోని చవరలో 2011లో ప్రారంభమైనది. దీని సామర్థ్యం సంవత్సరానికి 500 టన్నులు. దీనికి సాంకేతిక పరిజ్ఞానాన్ని హైదరాబాదులోని రక్షణ లోహ పరిశోధన ప్రయోగశాల, నిధులను విక్రం సారాభాయి అంతరిక్ష కేంద్రం సమకూర్చినవి. అంతకు ముందు దేశం స్పాంజి కొరకు దిగుమతులపై ఆధారపడేది. ఇసుక మన తీరంలోనే ఉన్నా లోహం బయటి నుండి రావలసిన ఆ పరిస్థితిలోనే, 2006లో ఫిర్తాష్‌కు చెందిన సంస్థలు ఆంధ్రప్రదేశ్ తీరంపై దృష్టి పెట్టినవి.

దిమిత్రో ఫిర్తాష్

ఫిర్తాష్ 1965లో పశ్చిమ ఉక్రెయిన్‌లో జన్మించాడు. మధ్య ఆసియా, రష్యాల సహజవాయువును ఉక్రెయిన్‌కు అమ్మే మధ్యవర్తి సంస్థ రోస్‌ఉక్రెనెర్గోలో భాగస్వామిగా సంపన్నుడైనాడు. ఆ సంస్థలో మరొక భాగస్వామి రష్యా ప్రభుత్వ వాయు సంస్థ గాజ్‌ప్రోమ్. ఎరువులు, రసాయనాలు, టైటానియం వ్యాపారాలను ఇతడు గ్రూప్ డీఎఫ్ అనే సంస్థల సముదాయం ద్వారా నడిపాడు. 2010 నుండి 2014 వరకు ఉక్రెయిన్ అధ్యక్షుడుగా ఉన్న విక్టర్ యానుకోవిచ్‌కు ఇతడు మద్దతుదారుగా పేరుపడ్డాడు. రష్యాతో వ్యాపార బంధం, ఉక్రెయిన్ అధికార వర్గంతో సాన్నిహిత్యం, ఈ రెండు విషయాలూ తరువాతి అనుమానాలకు మూలమైనవి.

అమెరికా అభియోగపత్రం

2013 జూన్ 20న షికాగోలోని అమెరికా ఫెడరల్ న్యాయస్థానంలో గ్రాండ్ జ్యూరీ ఫిర్తాష్‌తో సహా ఆరుగురిపై అభియోగపత్రం జారీ చేసినది. దానిని గోప్యంగా ఉంచి 2014 ఏప్రిల్ 2న బహిర్గతం చేశారు. నిందితులలో హంగరీ, ఉక్రెయిన్, శ్రీలంక, భారతదేశాలకు చెందినవారు ఉన్నారు. వీరిలో ఆంధ్రప్రదేశ్‌కు చెందిన కాంగ్రెసు నాయకుడు, నాటి రాజ్యసభ సభ్యుడు కె.వి.పి.రామచంద్రరావు ఒకరు. ఈయన అంతకు ముందు ముఖ్యమంత్రి వై.ఎస్.రాజశేఖరరెడ్డి ప్రభుత్వానికి సలహాదారుగా పనిచేశారు. తనపై వచ్చిన ఆరోపణలను ఈయన ఖండించారు. ఫిర్తాష్ కూడా అభియోగాలన్నిటినీ నిరాకరించాడు.

అభియోగపత్రంలోని ముఖ్యాంశాలు ఇవి:

* 2006 ఏప్రిల్‌లో గ్రూప్ డీఎఫ్‌కు చెందిన స్విట్జర్లాండు సంస్థ బోథ్లి ట్రేడ్, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కలిసి ఇల్మెనైట్ తదితర ఖనిజాల తవ్వకానికి ఉమ్మడి సంస్థను నెలకొల్పడానికి అంగీకరించినవి.
* ఈ పథకం ద్వారా టైటానియం ఉత్పత్తుల అమ్మకాలపై సంవత్సరానికి 50 కోట్ల డాలర్లకు పైగా ఆదాయం వస్తుందని అంచనా.
* 2007 ఫిబ్రవరిలో షికాగోలో ప్రధాన కార్యాలయం గల ఒక సంస్థతో సంవత్సరానికి 50 లక్షల నుండి 1 కోటి 20 లక్షల పౌండ్ల (సుమారు 2,270 నుండి 5,440 టన్నులు) టైటానియం స్పాంజి సరఫరాకు అవగాహన ఒప్పందం కుదిరినది.
* అనుమతుల కొరకు రాష్ట్ర, కేంద్ర ప్రభుత్వ అధికారులకు కనీసం 1 కోటి 85 లక్షల డాలర్లు లంచంగా ఇవ్వడానికి నిందితులు కుట్ర పన్నారు. 2006 నాటి మారకపు విలువ ప్రకారం ఇది సుమారు 83 కోట్ల రూపాయలు.
* 2006 ఏప్రిల్ 28 నుండి 2010 జూలై 13 వరకు 57 విడతలుగా 1 కోటి 5 లక్షల డాలర్లకు పైగా సొమ్ము వివిధ సంస్థల మధ్య బదిలీ అయినది.

అభియోగపత్రం పేరు చెప్పని షికాగో సంస్థ బోయింగ్ అని తరువాత తెలిసినది. ఆ సంస్థపై ఎటువంటి అభియోగమూ లేదు. తవ్వకం పథకం కార్యరూపం దాల్చలేదు.

అమెరికాకు గల అధికార పరిధి

ఉక్రెయిన్ వ్యాపారి భారతదేశంలో లంచం ఇవ్వజూపితే అమెరికా న్యాయస్థానానికి సంబంధమేమిటి అనే ప్రశ్న సహజంగానే తలెత్తినది. అమెరికా 1977లో చేసిన విదేశీ అవినీతి ఆచరణల నిరోధక చట్టం ప్రకారం, అమెరికాతో సంబంధం గల వ్యాపారం కొరకు విదేశీ అధికారులకు లంచం ఇవ్వడం నేరం. ఈ చట్టం లంచం ఇచ్చేవారిని శిక్షిస్తుంది కాని, పుచ్చుకునే విదేశీ అధికారికి వర్తించదు. అందువలన ఈ చట్టం క్రింద కుట్ర అభియోగం రామచంద్రరావుపై కాక మిగిలిన ఐదుగురిపై మాత్రమే మోపబడినది. ఆరుగురిపైనా వ్యవస్థీకృత నేర కుట్ర, అక్రమ ధన చలామణి కుట్ర మొదలైన అభియోగాలు ఉన్నవి.

సరఫరా ఒప్పందం షికాగో సంస్థతో కుదిరినందున, సొమ్ములో కొంత అమెరికా బ్యాంకుల గుండా వెళ్ళినందున, నిందితుల ప్రయాణాలు అమెరికాలో జరిగినందున తమకు అధికారం ఉన్నదని ప్రాసిక్యూషన్ వాదించినది. ఈ సంబంధం చాలా పలుచనిదని ఫిర్తాష్ న్యాయవాదులు వాదించారు. 2019 జూన్ 21న షికాగో న్యాయమూర్తి రెబెకా పాల్‌మేయర్ అభియోగాలను కొట్టివేయవలెనన్న ఫిర్తాష్ అభ్యర్థనను త్రోసిపుచ్చారు. ఇది విచారణ సాగించవచ్చుననే నిర్ణయమే గాని, నేర నిర్ధారణ కాదు.

అప్పగింత సూత్రాలు

ఒక దేశంలో నేరారోపణకు గురై మరొక దేశంలో ఉన్న వ్యక్తిని విచారణ కొరకు పంపడాన్ని నేరస్థుల అప్పగింత అంటారు. ఇది సాధారణంగా రెండు దేశాల మధ్య ఒప్పందంపై ఆధారపడుతుంది. అనేక ఒప్పందాలలో కనిపించే సూత్రాలు ఇవి:

* ద్వంద్వ నేరత్వం: ఆరోపించిన చర్య రెండు దేశాల చట్టాల ప్రకారం నేరమై ఉండవలెను.
* ప్రత్యేకత: ఏ నేరం కొరకు అప్పగించారో ఆ నేరానికే విచారించవలెను.
* రాజకీయ నేరాల మినహాయింపు: రాజద్రోహం వంటి రాజకీయ స్వభావం గల నేరాలకు అప్పగించరాదు.
* రాజకీయ ప్రేరణ మినహాయింపు: నేరం మామూలుదే అయినా, కోరిక వెనుక అసలు ఉద్దేశం రాజకీయమైతే అప్పగించరాదు.

చివరి రెండిటికీ గల తేడా ఈ కేసులో ముఖ్యమైనది. లంచం రాజకీయ నేరం కాదు. కనుక ఫిర్తాష్ వాదన నేర స్వభావంపై కాక, అమెరికా ఉద్దేశంపై నిలిచినది. నేర స్వభావాన్ని చట్టం చదివి తేల్చవచ్చును. ఒక ప్రభుత్వపు ఉద్దేశాన్ని తేల్చడానికి మాత్రం న్యాయస్థానం తేదీలు, సంఘటనల వరుస, దాచిన పత్రాలు మొదలైన పరోక్ష ఆధారాలను చూడవలసి ఉంటుంది.

అరెస్టు

2014 మార్చి 12న ఫిర్తాష్‌ను వియన్నాలో ఆస్ట్రియా పోలీసులు అరెస్టు చేశారు. ఆస్ట్రియా, అమెరికాల మధ్య 1998లో కుదిరిన అప్పగింత ఒప్పందం ఉన్నది. 12 కోట్ల 50 లక్షల యూరోల జామీను చెల్లించిన తరువాత మార్చి 21న అతడు విడుదలైనాడు. దేశం విడిచి వెళ్ళరాదనే షరతు విధించారు. ఆస్ట్రియా చరిత్రలో ఇది అతి పెద్ద జామీనుగా పేర్కొనబడినది.

రాజకీయ అనుమానాలు

అనుమానాలకు ప్రధాన కారణం అరెస్టు కోరిక తేదీలు. అమెరికా మొదటిసారి 2013 అక్టోబరు 30న ఫిర్తాష్ అరెస్టును కోరినది. కొద్ది రోజులలోనే ఆ కోరికను వెనక్కు తీసుకున్నది. సరిగా ఆ రోజులలోనే అమెరికా విదేశాంగ శాఖ ఉన్నతాధికారిణి విక్టోరియా నూలండ్ కీవ్ నగరానికి వెళ్ళి యానుకోవిచ్‌ను కలుసుకున్నారు. ఐరోపా సమాఖ్యతో ఉక్రెయిన్ ఒప్పందంపై సంతకం చేస్తుందా, లేదా అన్నది అప్పుడు ప్రధాన విషయం. నవంబరు 21న ఉక్రెయిన్ ప్రభుత్వం ఒప్పందం సన్నాహాలను నిలిపివేసినది. దానితో మైదాన్ ఉద్యమం మొదలైనది. 2014 ఫిబ్రవరి 22న యానుకోవిచ్ పదవి కోల్పోయాడు. నాలుగు రోజుల తరువాత, ఫిబ్రవరి 26న, అమెరికా అరెస్టు కోరికను తిరిగి పంపినది.

ఈ వరుసను చూపి ఫిర్తాష్ న్యాయవాదులు రెండు విషయాలు వాదించారు. మొదటిది, యానుకోవిచ్‌పై ఒత్తిడి తేవడానికి అరెస్టు కోరికను ఒక సాధనంగా వాడుకున్నారని. రెండవది, యానుకోవిచ్ పతనం తరువాత ఉక్రెయిన్ రాజకీయాల నుండి ఫిర్తాష్‌ను తొలగించడానికి దానిని తిరిగి తెచ్చారని. తరువాతి అధ్యక్ష ఎన్నికలలో పెట్రో పొరోషెంకో అధ్యక్ష పదవికి, విటాలి క్లిచ్కో కీవ్ మేయరు పదవికి పోటీ చేసేటట్లు తన సమక్షంలోనే వియన్నాలో అవగాహన కుదిరినదని ఫిర్తాష్ న్యాయస్థానంలో చెప్పాడు. తాను రాజకీయంగా ఎంత ముఖ్యుడో చూపడానికి అతడు ఈ విషయాన్ని వాడుకున్నాడు.

అమెరికా ఈ ఆరోపణలను ఖండించినది. దాని పక్షాన బలమైన అంశం కూడా తేదీయే. అభియోగపత్రం జారీ అయినది 2013 జూన్‌లో. అప్పటికి మైదాన్ ఉద్యమం మొదలు కాలేదు. కనుక ఉద్యమం కొరకు అభియోగాన్ని సృష్టించారనే వాదన నిలువదు. నిలువగల ప్రశ్న ఒక్కటే: అప్పటికే ఉన్న అభియోగాన్ని ఎప్పుడు బయటకు తీయవలెననే నిర్ణయంలో రాజకీయం ఉన్నదా? అభియోగం నిజమైనదై ఉండి, దానిని బయటకు తీసిన సమయం రాజకీయమైనదై ఉండవచ్చును. ఒకటి నిజమైతే రెండవది అబద్ధం కావలెనన్న నియమం లేదు.

2015 తీర్పు

2015 ఏప్రిల్ 30న వియన్నా ప్రాంతీయ క్రిమినల్ న్యాయస్థానం న్యాయమూర్తి క్రిస్టోఫ్ బాయర్ అప్పగింతను నిరాకరించారు. అమెరికా కోరిక కనీసం కొంతవరకైనా రాజకీయ ప్రేరితమని ఆయన అభిప్రాయపడ్డారు. కోరిక తేదీలను, వెనక్కు తీసుకున్న విధానాన్ని ఆయన పరిశీలించారు. సాక్షుల గురించి అడిగిన అదనపు సమాచారానికి అమెరికా నుండి తగిన సమాధానం రాలేదని కూడా పేర్కొన్నారు. ఫిర్తాష్ నిర్దోషి అని ఈ తీర్పు చెప్పలేదు. లంచాల ఆరోపణలోని నిజానిజాలు ఆ న్యాయస్థానం తేల్చవలసిన విషయం కాదు.

2017, 2019 తీర్పులు

ప్రాసిక్యూషన్ అప్పీలుపై 2017 ఫిబ్రవరి 21న వియన్నా ఉన్నత ప్రాంతీయ న్యాయస్థానం క్రింది తీర్పును రద్దు చేసి అప్పగింతకు అనుమతించినది. రాజకీయ ప్రేరణకు తగినంత రుజువు లేదని, నేరం చేశాడా లేదా అన్నది అమెరికా న్యాయస్థానం తేల్చవలసినదని పేర్కొన్నది. ఒకే తేదీల వరుసను చూసి రెండు న్యాయస్థానాలు రెండు నిర్ణయాలకు రావడం గమనించదగినది. రుజువు ఎంత ఉంటే చాలును అనే కొలతలోనే వాటికి తేడా వచ్చినది.

2019 జూన్ 25న ఆస్ట్రియా సుప్రీం కోర్టు ఈ అనుమతిని సమర్థించినది. జూలైలో న్యాయశాఖ మంత్రి క్లెమెన్స్ యాబ్లోనర్ అప్పగింతకు ఆమోదం తెలిపారు. అయితే ఫిర్తాష్ న్యాయవాదులు కొత్త ఆధారాలున్నవని చెప్పి కేసును తిరిగి తెరవవలెనని కోరగా, వియన్నా న్యాయస్థానం అప్పగింతను నిలిపివేసినది. అరెస్టు జరిగి పది సంవత్సరాలు గడిచినా అప్పగింత జరుగలేదు.

అనుమానాలు మరొక వైపుకు మళ్ళడం

2019లో ఈ కేసు అమెరికా అంతర్గత రాజకీయాలలో కూడా ప్రవేశించినది. ఆ సంవత్సరం జూలైలో ఫిర్తాష్ తన పాత న్యాయవాదిని మార్చి, అధ్యక్షుడు డోనాల్డ్ ట్రంప్‌కు సన్నిహితులైన విక్టోరియా టెన్సింగ్, జోసెఫ్ డిజెనోవా దంపతులను నియమించుకున్నాడు. సెప్టెంబరులో ఉక్రెయిన్ మాజీ ప్రాసిక్యూటర్ జనరల్ విక్టర్ షోకిన్, ఫిర్తాష్ కేసు కొరకు వియన్నా న్యాయస్థానానికి ఒక ప్రమాణపత్రం ఇచ్చాడు. తనను పదవి నుండి తొలగించడానికి జో బైడెన్ ఒత్తిడి తెచ్చాడని అందులో ఆరోపించాడు. ట్రంప్ న్యాయవాది రూడీ జులియాని ఈ పత్రాన్ని బైడెన్‌కు వ్యతిరేకంగా ప్రచారంలో వాడుకున్నాడు. దీనితో అనుమానం తిరగబడినది. మొదట, ఫిర్తాష్‌ను పట్టుకోవడంలో అమెరికా ప్రభుత్వానికి రాజకీయ ఉద్దేశం ఉన్నదని అన్నారు. ఇప్పుడు, తప్పించుకోవడానికి ఫిర్తాష్ అమెరికా రాజకీయాలను వాడుకుంటున్నాడని విమర్శ వచ్చినది.

2021 జూన్‌లో ఉక్రెయిన్ ప్రభుత్వం కూడా ఫిర్తాష్‌పై ఆంక్షలు విధించినది.

భారతదేశంలో

అభియోగపత్రం బయటపడిన 2014 ఏప్రిల్ నాటికి దేశంలో సార్వత్రిక ఎన్నికలు జరుగుచున్నవి. ఆంధ్రప్రదేశ్ విభజన చట్టం అప్పటికే ఆమోదం పొందినది. ఉమ్మడి రాష్ట్రంలో ఏప్రిల్ 30, మే 7 తేదీలలో పోలింగు జరిగినది. ఈ కారణంగా షికాగో అభియోగపత్రం వెంటనే ఎన్నికల విమర్శలకు వస్తువైనది. ఇక్కడ కూడా సమయంపై చర్చ జరిగినదే గాని, తవ్వకం అనుమతుల ఫైళ్ళపై చర్చ తక్కువ. వై.ఎస్.రాజశేఖరరెడ్డి 2009 సెప్టెంబరు 2న హెలికాప్టరు ప్రమాదంలో మరణించారు. అభియోగపత్రంలో ఆయన నిందితుడు కాదు. రామచంద్రరావు 2020 వరకు రాజ్యసభ సభ్యుడుగా కొనసాగారు. ఆయనను అమెరికాకు అప్పగించడం జరుగలేదు.

భారత్, అమెరికాల మధ్య అప్పగింత ఒప్పందం 1997 జూన్ 25న కుదిరి 1999లో అమలులోకి వచ్చినది. మన దేశంలో అప్పగింతలకు 1962 నాటి అప్పగింతల చట్టం ఆధారం. విదేశం నుండి వచ్చిన కోరిక విదేశాంగ మంత్రిత్వ శాఖకు చేరుతుంది. తరువాత మేజిస్ట్రేటు ప్రాథమిక ఆధారాలు ఉన్నవా అని విచారిస్తారు. తుది నిర్ణయం కేంద్ర ప్రభుత్వానిది. అనగా న్యాయస్థానం అనుమతించిన తరువాత కూడా ప్రభుత్వం నిరాకరించవచ్చును. రాజకీయ స్వభావం గల నేరాలకు అప్పగింత కూడదని ఈ చట్టంలోని 31వ సెక్షను చెప్పుచున్నది. తుది నిర్ణయం ప్రభుత్వం చేతిలో ఉండడం చేతనే, ఏ దేశంలోనైనా అప్పగింతలకు రాజకీయ అనుమానం వెన్నంటి ఉంటుంది.

భారత్ కోరిన అప్పగింతలు కూడా దీనికి మినహాయింపు కాదు. అగస్టా వెస్ట్‌లాండ్ హెలికాప్టర్ల కేసులో నిందితుడైన బ్రిటిష్ పౌరుడు క్రిస్టియన్ మిషెల్‌ను యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్ 2018 డిసెంబరు 4న భారత్‌కు అప్పగించినప్పుడు, 2019 ఎన్నికలకు ముందు అది జరగడం రాజకీయ వాదానికి దారి తీసినది.

హ్యాకర్ల అప్పగింతలలో ఇటువంటి వివాదాలు

కంప్యూటర్ చొరబాటు కేసులలో ఇటువంటి అనుమానాలు మరింత ఎక్కువగా వస్తాయి. నిందితుడు ఒక దేశంలో కూర్చుండి మరొక దేశపు కంప్యూటర్లలో ప్రవేశించవచ్చును. ఆ కంప్యూటర్లు ప్రభుత్వానివైతే విషయం వెంటనే రాజకీయమవుతుంది.

* గ్యారీ మెకినన్: 2001, 2002లలో అమెరికా సైన్యం, నాసాలకు చెందిన 97 కంప్యూటర్లలో చొరబడినట్లు ఈ బ్రిటన్ పౌరునిపై ఆరోపణ వచ్చినది. బ్రిటన్ తన పౌరులను సులభంగా అప్పగిస్తున్నదనే విమర్శ అక్కడ పెద్ద చర్చ అయినది. 2012 అక్టోబరు 16న హోంమంత్రి థెరిసా మే ఇతని ఆరోగ్యస్థితి దృష్ట్యా అప్పగింతను నిరాకరించారు.
* లారీ లవ్: నాసాతో సహా అమెరికా సంస్థల కంప్యూటర్లలో చొరబడినట్లు ఆరోపణ. 2018 ఫిబ్రవరి 5న బ్రిటన్ హైకోర్టు అప్పగింతను నిరాకరించినది.
* యెవ్గెని నికులిన్: 2012లో లింక్డిన్, డ్రాప్‌బాక్స్, ఫాంస్ప్రింగ్ సంస్థల కంప్యూటర్లలో చొరబడినట్లు ఆరోపణ ఎదుర్కొన్న రష్యా పౌరుడు. 2016 అక్టోబరు 5న ప్రాగ్ నగరంలో అరెస్టయినాడు.

వీటిలో నికులిన్ కేసు ఫిర్తాష్ కేసుకు దగ్గరగా ఉన్నది. అమెరికా అతనిని కోరగానే, రష్యా కూడా 2009 నాటి ఒక చిన్న ఇంటర్నెట్ దొంగతనం పేరుతో అతనిని తనకు అప్పగించవలెనని కోరినది. తమ పౌరుడు అమెరికా చేతికి చిక్కకుండా చేయడానికే రష్యా ఈ కోరిక పంపినదని అనుమానం కలిగినది. మరొక వైపు, 2016 అమెరికా ఎన్నికలకు సంబంధించిన ఈమెయిళ్ళ చొరబాటును ఒప్పుకొమ్మని అమెరికా అధికారులు తనపై ఒత్తిడి తెచ్చారని నికులిన్ ఆరోపించాడు. చెక్ న్యాయస్థానాలు రెండు దేశాలలో దేనికైనా అప్పగించవచ్చునని చెప్పి, ఎంపికను న్యాయశాఖ మంత్రికి వదిలివేసినవి. రష్యాకు పంపవలెనని అధ్యక్షుడు మిలోష్ జెమాన్ తనను కోరినట్లు మంత్రి రాబర్ట్ పెలికాన్ వెల్లడించారు. అమెరికా ప్రతినిధుల సభ స్పీకరు పాల్ రయన్ ప్రాగ్‌కు వచ్చి వెళ్ళిన కొద్ది రోజులకే, 2018 మార్చి 30న, నికులిన్‌ను అమెరికాకు పంపారు. 2020 జూలైలో శాన్ ఫ్రాన్సిస్కో జ్యూరీ అతనిని దోషిగా నిర్ణయించినది. సెప్టెంబరులో 88 నెలల జైలుశిక్ష పడినది.

రెండు కేసుల పోలిక

రెండు కేసులలోనూ రెండు అగ్రరాజ్యాల మధ్య పోటీ ఉన్నది. రెండిటిలోనూ అనుమానానికి తగిన కారణాలు ఉన్నవి. అయితే నికులిన్ కేసులో రాజకీయం ఎంత ఉన్నా, చివరకు సాక్ష్యాలు జ్యూరీ ముందుకు వచ్చినవి. అతడు తన వాదనను వినిపించుకోగలిగినాడు. ఫిర్తాష్ కేసులో ఆ దశ రాలేదు. అందువలన అతడు దోషి అని గాని, నిర్దోషి అని గాని, సహనిందితులు అటువంటివారని గాని చెప్పడానికి ఆధారమయిన తీర్పు ఏదీ లేదు.

అప్పగింతపై రాజకీయ అనుమానం ఒక రక్షణ కవచం. బలమైన దేశం చట్టం పేరుతో తనకు గిట్టనివారిని లాగుకొనిపోకుండా అది కాపాడుతుంది. అదే కవచం చాటున ఒక ఆరోపణ ఏళ్ళ తరబడి విచారణ లేకుండా ఉండిపోవచ్చును. అప్పుడు నష్టపోయేవారు ఇద్దరు. నిజంగా నిర్దోషి అయిన నిందితుడు మచ్చ తొలగించుకోలేడు. నిజంగా నేరం జరిగి ఉంటే, ఎవరి వనరుల విషయంలో అది జరిగినదో ఆ ప్రజలకు నిజం తెలియదు. ఈ కేసులో ఆ వనరు ఆంధ్రప్రదేశ్ తీరపు ఇసుక.

కాలక్రమం

* 2006 ఏప్రిల్: ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం, బోథ్లి ట్రేడ్ సంస్థల మధ్య అంగీకారం
* 2007 ఫిబ్రవరి: షికాగో సంస్థతో సరఫరా అవగాహన
* 2013 జూన్ 20: అభియోగపత్రం
* 2013 అక్టోబరు 30: మొదటి అరెస్టు కోరిక, కొద్ది రోజులలో ఉపసంహరణ
* 2014 ఫిబ్రవరి 26: రెండవ అరెస్టు కోరిక
* 2014 మార్చి 12: వియన్నాలో అరెస్టు
* 2014 ఏప్రిల్ 2: అభియోగపత్రం బహిర్గతం
* 2015 ఏప్రిల్ 30: అప్పగింత నిరాకరణ
* 2017 ఫిబ్రవరి 21: ఉన్నత ప్రాంతీయ న్యాయస్థానం అనుమతి
* 2019 జూన్ 21: షికాగో న్యాయస్థానంలో అభియోగాల రద్దు అభ్యర్థన తిరస్కరణ
* 2019 జూన్ 25: ఆస్ట్రియా సుప్రీం కోర్టు సమర్థన
* 2019 జూలై: మంత్రి ఆమోదం, తరువాత న్యాయస్థానం నిలుపుదల

ఇవి కూడా చూడండి

* నేరస్థుల అప్పగింత
* టైటానియం
* ఇల్మెనైట్
* భీమునిపట్నం
* సూళ్లూరుపేట
* సతీష్ ధావన్ అంతరిక్ష కేంద్రం